పల్చటి పసుపు

ప్యానెల్ బాగానే వింటోంది. పద్దెనిమిదోసారి పరీక్షించినా బాగానే వింటోంది.

ప్రయోగశాల బల్ల మీద పడుకోబెట్టిన సోలార్ ప్యానెల్ వైపు డాక్టర్ మైలపల్లి హైమావతి దీపం తిప్పి మీట నొక్కింది. ప్యానెల్‌కు తగిలించిన చిన్న పెట్టెలోంచి ఆమె గొంతే, కిందటేటి గొంతు, హుషారుగా పలికింది. "కొండదీపం మాట్లాడుతోంది. వినబడుతోందా?"

హైమావతి నోటు పుస్తకంలో పద్దెనిమిది అని వేసి, ఎదురుగా 'వింది' అని రాసింది. తరువాత టీ తాగింది. టీ ఎప్పుడో చల్లారిపోయిందని సగం తాగాక తెలిసింది. మిగతా సగం కూడా తాగేసింది.

ఆ ప్యానెల్ ఆమె అన్న దానయ్య పడవది. కిందటి నవంబరులో వచ్చిన గాలివానకి దానయ్యా, అతనితో వెళ్లిన ముగ్గురూ పోయారు. మనుషులు దొరకలేదు. నీళ్లు నిండిన ఖాళీ పడవ మాత్రం ఏడో రోజున ఒడ్డుకు కొట్టుకొచ్చింది, కప్పు మీద ఈ ప్యానెల్ చెక్కుచెదరకుండా ఉంది. ఏడు నెలల నుంచి హైమావతి దాన్ని పరీక్షిస్తూనే ఉంది. ఏం దొరకాలని వెతుకుతోందో ఆమెకే సరిగా తెలియదు. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. జీతం తీసుకుంటోంది, కూరలు కొనుక్కుంటోంది, ఎవరైనా నవ్వితే తిరిగి నవ్వుతోంది.

దీపం సంగతి మొదట దానయ్యకే చూపించింది. రెండేళ్ల కిందట అన్నా వదినా విశాఖపట్నం వచ్చినప్పుడు ఇద్దర్నీ ఈ గదికే తీసుకొచ్చి, ఈ బల్ల మీదే ఒక ప్యానెల్ పెట్టి, పైన దీపం వెలిగించింది. దీపం మామూలుగానే వెలుగుతోంది, పెట్టెలోంచి మాత్రం పాట వస్తోంది. దానయ్య బల్ల కిందికి వంగి చూశాడు, తీగలేమైనా ఉన్నాయేమోనని. లేవు. నిజానికి ఆ దీపం కంటికి అందనంత వేగంగా రెప్పలాడిస్తోంది. పాటంతా ఆ రెప్పపాట్లలోనే ఉంది. బ్యాటరీ నింపే ప్యానెలే వాటిని పట్టుకుని పెట్టెకు అందిస్తోంది.

దానయ్య తన వెడల్పాటి అరచెయ్యి ప్యానెల్‌కు అడ్డం పెట్టాడు. పాట ఆగిపోయింది. తీశాడు, వచ్చింది. మళ్లీ పెట్టాడు.

"ఓలమ్మ! సెయ్యి అడ్డెడితే నోరు మూసేత్తంది. మా ఇంట్లో దానికి కూడా ఇలాటి మీటొకటి ఉంటే బాగున్ను."

"నోరు ముయ్యాల్సింది నాను కాదు," అంది నూకాలు, కళ్లు ప్యానెల్ మీంచి తిప్పకుండానే.

"నవ్వులాటకి కాదన్నయ్యా. ఫోన్ సిగ్నల్ పదిహేను కిలోమీటర్లు దాటితే చచ్చిపోతుంది కదా. కొండ మీద ఇలాంటి పెద్ద దీపం పెడితే నలభై కిలోమీటర్ల దాకా మాట చేరుతుంది. మీ పడవ మీద సోలార్ పలక ఉంటే చాలు. పట్టపగలు, ఎండలో కూడా."

"మరి నాను తిరిగి మాటాడితే?"

"అది కుదరదు. దీపం చెప్తుంది, నువ్వు వింటావు. అంతే."

"అయితే ఇది కూడా ఆడమనిసే," అన్నాడు దానయ్య. నూకాలు అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

నవంబరులో గాలివాన రావడానికి ఆరు గంటల ముందు, ఉదయం తొమ్మిదింటికి, ఎండ కాస్తుండగానే కొండదీపం హైమావతి గొంతుతో చెప్పింది, 'గాలి వస్తోంది, వెనక్కి తిరగండి' అని. నలభై ఒక్కసార్లు చెప్పింది. ప్యానెళ్లు బిగించిన పన్నెండు పడవల్లో పదకొండు తిరిగొచ్చాయి. అందరికంటే లోపలికి వెళ్లిన దానయ్య పడవ రాలేదు.

విచారణ సంఘం కూర్చుంది. పెట్టెలో ఏయే మాటలు వినబడ్డాయో దాచుకునే భాగం ఉప్పునీటికి పాడైపోయింది. బ్యాటరీ ఎంత నిండిందో చూపే మీటరు మాత్రం బతికింది. ఆ రోజు ప్యానెల్ మీద ఎండ నిక్షేపంగా పడిందనీ, బ్యాటరీ నిండుగా ఉందనీ అది చెప్పింది. ప్యానెల్ మీద వెలుగు పడిందంటే మాట కూడా పడినట్టే. కాబట్టి పడవ నడిపిన దానయ్య హెచ్చరిక విని కూడా లెక్కచెయ్యలేదు, వల నిండే ఆశకు పోయి ముగ్గురి ప్రాణాలు తీశాడు. సంఘం ఈ ముక్కే కాస్త మర్యాదగా రాసింది. కింద సంతకాల్లో హైమావతిదీ ఉంది. అన్న కాబట్టి అడ్డం పడుతోంది అనుకుంటారని సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు కలం బాగా రాస్తోందా లేదా అని మాత్రమే ఆలోచించింది.

జూన్ రెండో ఆదివారం నాడు ఆమె ఇసకవానిపాలెం వెళ్లింది. రెండు నెలల వేట నిషేధం అయిపోవస్తోంది, పదిహేనో తారీఖు తెల్లవారగానే పడవలు నీళ్లలోకి దిగుతాయి. ఒడ్డు నిండా పడవలకు రంగులు వేస్తున్నారు. ఈసారి అరవై పడవల కప్పుల మీద కొత్త ప్యానెళ్లు మెరుస్తున్నాయి. హైమావతి వెళ్తుంటే రంగులు వేసేవాళ్లు చేతులాపి చూశారు, పలకరించలేదు.

అన్న ఇంటి ముందు పోలమ్మ ఎదురైంది. ఆమె చిన్నకొడుకు సింహాద్రి, పెళ్లయిన నాలుగో నెలలో, దానయ్య పడవ మీద పోయాడు. పోలమ్మ మొహం చాటేయలేదు. నిలబడి, నింపాదిగా హైమావతిని ఎగాదిగా చూసి, తన దారిన తను వెళ్లింది. అదే నయమనిపించింది హైమావతికి.

నూకాలు గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతోంది.

"ఎండనపడొచ్చినావా? కూకో, నీలు తాగు," అంది.

ఊళ్లో ఏ పడవవాళ్లూ ఇప్పుడు నూకాలుకి చేప ఇవ్వడం లేదు. నాలుగు మైళ్లు నడిచి పక్క ఊరి రేవులో కొనుక్కుని, అక్కడే అమ్ముకుని వస్తోంది. ఆ సంగతి నూకాలు చెప్పలేదు. చెప్పుల అరుగుదల చూసి హైమావతే తెలుసుకుంది.

హైమావతి పక్కన కూచుని చేటలోంచి నాలుగు రాళ్లు ఏరింది. తరువాత నూకాలు, ప్రతిసారీ అడిగే మాటే, చేటలోంచి తలెత్తకుండా అడిగింది.

"నీ మాట ఇన్నాడు కదా హైమా. ఇని కూడా ఎందుకు రానేదు? నాను గుర్తు రానేదా?"

హైమావతి లేచి మంచినీళ్లకి లోపలికి వెళ్లింది. కడవ పక్కన గూట్లో, గంగమ్మ పటం ముందు, చిన్న ఇత్తడి గిన్నె కనబడింది. అడుగున ఎండిపోయిన పసుపు, అంచుల్లో నూనె జిడ్డు. దాంట్లో ఒక గుడ్డ పీలిక.

"ఇదేంటి వదినా?"

"పలకకి రాసీది. మరిసిపోనావేటి? నువ్వే కదా సెప్పినావు, సుక్కలెట్టకు, నూనెలో కలిపి పల్సగా రాసీమని. ఆడు ఏటకెల్లిన ప్రతిసారీ రాసినాను. ఒక్కనాడు తప్పనేదు. తీసెయ్యాల, సెయ్యాడక అలగే ఒగ్గీసినాను."

హైమావతి చేతిలో గ్లాసు ఉంది. నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అన్నీ సరిగ్గానే చేసింది.

నిరుడు సెప్టెంబరులో పన్నెండు పడవలకు ప్యానెళ్లు బిగించిన రోజు. కొత్త వల వచ్చినా కొత్త ఇంజను వచ్చినా పసుపు కుంకుమ పెట్టందే నీళ్లలోకి దించని ఊరది. నూకాలు పళ్లెం పట్టుకుని నిచ్చెనెక్కి, అద్దం లాంటి ఆ పలక మీద అయిదు పెద్ద పసుపు ముద్దలు పెట్టబోయింది. హైమావతి కంగారుగా కేకేసి ఆపింది. ప్యానెల్‌లో గడులన్నీ ఒక వరసలో ఉంటాయి. నూతి దగ్గర వరసగా నిలబడి బిందెలందించుకునే మనుషుల్లో ఒకడు చేతులు ముడుచుకుంటే నీళ్లన్నీ ఆగిపోయినట్టు, ఒక్క గడి కప్పబడితే వరసంతా నీరసపడుతుంది. సోలార్ చదువు చదివిన వాళ్లెవరికైనా వచ్చే మొదటి పాఠం అది.

"ముద్దలొద్దు వదినా! నూనెలో కలిపి పల్చగా పూసెయ్. వెలుగు ఆగదు, పసుపు పెట్టినట్టూ ఉంటుంది."

ఊళ్లో మిగతా ఆడవాళ్లు ఇదంతా ఎందుకని పలక జోలికి పోకుండా, దాని కింది కర్రకు బొట్లు పెట్టి ఊరుకున్నారు. నూకాలు ఒక్కర్తే ఆడపడుచు చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేసింది. అటు ఆచారమూ చెడలేదు, ఇటు సైన్సూ చెడలేదు. హైమావతి ఆ రోజు తన తెలివికి తనే మురిసిపోయింది. పై అధికారి కోదండపాణి గారు కూడా మెచ్చుకుని, పడవలవాళ్లకిచ్చే ఆకుపచ్చ కాగితంలో ఆ మాట అచ్చు వేయించారు, బొమ్మతో సహా.

ఆ కాగితం ఇప్పుడు అరవై ఇళ్లలో ఉంది.

"ఏటి, అలాగైపోనావు?" అంది నూకాలు.

"ఏం లేదు వదినా. బస్సు టైమైంది."

మర్నాడు ప్రయోగశాలలో ఎవరూ రాకముందే హైమావతి బల్ల ముందు నిలబడింది. వంటింట్లోంచి తెచ్చిన పసుపు, నువ్వుల నూనె, గుడ్డ పీలిక. నూకాలు చేతిని గుర్తు తెచ్చుకుంటూ ప్యానెల్ మీద పల్చగా రాసింది. ఉండలు కట్టలేదు. కింద గడుల గీతలు స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి, లేత పసుపు రంగు అద్దంలోంచి చూసినట్టు. కిటికీ తెరిచి ఎండ పడనిచ్చింది. బ్యాటరీ ముల్లు ఎప్పటి చోటుకే, ఒక్క గీత తక్కువగా, వచ్చి నిలబడింది. సంఘం కళ్లకి ఆ గీత ఆనదు.

మీట నొక్కింది.

పెట్టె పలకలేదు.

మళ్లీ నొక్కింది. దీపం వెలుగుతోంది. ముల్లు నిటారుగా ఉంది. పెట్టె మాత్రం మాట్లాడలేదు. నూనె గుడ్డతో ఒక మూల తుడిచింది, గరగర వచ్చింది. మొత్తం తుడిచేసింది. "కొండదీపం మాట్లాడుతోంది. వినబడుతోందా?" అంది పెట్టె, ఏమీ ఎరగనట్టు.

తెల్లగా కనిపించే ఆ దీపంలో అన్ని రంగులూ ఉన్నా, మాటలు మోసేంత వేగంగా రెప్పలాడించగలిగేది నీలిరంగు ఒక్కటే. ఆ నీలాన్ని ఎంచుకున్నది హైమావతి. పసుపు పసుప్పచ్చగా ఎందుకు కనబడుతుందంటే, తన మీద పడిన వెలుగులో నీలాన్ని మింగేసి మిగతాది వదిలేస్తుంది గనక. ఇంటర్మీడియట్ పిల్లల్ని అడిగినా చెప్తారు. ఆమె ఆ రోజు నిచ్చెన కింద నిలబడి బ్యాటరీ గురించి ఆలోచించింది, మాట గురించి ఆలోచించలేదు. పసుపు ముద్దలు పెట్టనిచ్చి ఉంటే బ్యాటరీ నీరసపడేది, ఏదో తేడా ఉందని దానయ్యకి తెలిసేది, తుడిచేసేవాడు. ఆమె చెప్పినట్టు చేసినందువల్ల బ్యాటరీ నిండుగానే ఉంది, గాలి హెచ్చరిక ఉంటే తప్ప దీపం మాట్లాడదు గనక పెట్టె మౌనంలో ఏ తేడా తెలియలేదు.

మరి పద్దెనిమిదిసార్లు ఎలా వింది? దానికీ జవాబు వెతకాలి గనక, మళ్లీ పసుపు రాసి ప్యానెల్‌ని మేడ మీద ఎండలో పెట్టింది. మొదటి రోజు సాయంత్రం పెట్టె పలకలేదు. రెండో రోజు గొణిగింది. మూడో రోజుకి ఎండకి పసుపు వెలిసిపోయి, పెట్టె గంటలా మాట్లాడింది. పడవ వేట నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ సిబ్బంది చేసిన తనిఖీలు, చివరికి ఏడు రోజులు ఎండలో తేలాక తను చేసిన పరీక్షలు, అన్నీ వెలిసిపోయిన పసుపు మీదే. దానయ్య వేటకెళ్లిన రెండో రోజున గాలివాన వచ్చింది.

హైమావతి నోటు పుస్తకం తెరిచి, పంతొమ్మిది అని వేసి, 'వినలేదు' అని రాసింది. ఏడుపు ఇప్పుడైనా వస్తుందేమోనని కాసేపు కూచుంది. రాలేదు. వేలి గోళ్ల సందుల్లో పసుపు ఉండిపోయింది, గుండుసూదితో తీసుకుంది.

కోదండపాణి గారు అంతా విన్నారు. ముల్లు చూశారు, పెట్టె మౌనం విన్నారు. మంచివాడే, కాకపోతే కాగితాలంటే భయం ఉన్నవాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇందులో నీ తప్పేముందమ్మా? నా తప్పు మాత్రం ఏముంది? ఎవరికి తడుతుంది ఇలాంటిది?"

"నాకు తట్టాలి కదండీ."

"సరే, ఇప్పుడేం చేద్దాం? నివేదిక ముగిసిపోయింది. తిరగదోడితే మన దీపం మొత్తం ఆపేస్తారు. అరవై పడవలకి ఉన్న ఆ కాస్త రక్షణా పోతుంది. వచ్చే ఏటికి రంగు మార్చేద్దాం. ఈ ఏటికి ఊళ్లోకి కబురు పెడదాం, పలకల మీద ఏదీ రాయొద్దని. కారణం చెప్పక్కర్లేదు."

"ఎల్లుండి పడవలు దిగుతాయండీ. మొదటి రోజు పెట్టిన పసుపు కారణం లేకుండా తుడవమంటే ఎవరు తుడుస్తారు? మా అమ్మయినా తుడవదు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"మీ వదిన చేత్తో రాసిందన్న మాట ఆవిడకి చెప్తావా మరి? ఆ మనిషి తట్టుకుంటుందా? చెప్పకపోతే మీ అన్న మీద మచ్చ ఉండిపోతుంది, నిజమే. కానీ పోయినవాడు పోయాడు, బతికున్న మనిషిని చూసుకో."

అన్న పేరు నిలబెట్టాలంటే వదిన చేతిని చూపించాలి. వదినని కాపాడాలంటే అన్నని దోషిగానే ఉంచాలి. ఈలోగా అరవై పడవలు పదిహేనో తారీఖున చెవిటివైపోయి నీళ్లలోకి దిగుతాయి, ఆమె నోరు విప్పితే తప్ప. హైమావతి ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. భయం వెయ్యాల్సిన చోట ఏమీ లేదు, పన్ను పీకించుకున్నాక చిగురు తిమ్మిరిగా ఉన్నట్టు ఉంది.

పద్నాలుగో తారీఖు సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, ఇసకవానిపాలెంలో బస్సు దిగింది. ఒడ్డున అప్పటికే పండగలా ఉంది. అరవై పలకలూ పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. ఆడవాళ్లు ఆకుపచ్చ కాగితంలోని బొమ్మ చూసి మరీ, ఎంతో శ్రద్ధగా, పల్చగా రాశారు.

నూకాలు పొయ్యి ముందు ఉంది. హైమావతి పక్కనే పీట వేసుకుని కూచుని మొదలుపెట్టింది. దీపంలో నీలం సంగతి చెప్పింది, పసుపు సంగతి చెప్పింది, మూడు రోజుల ఎండ సంగతి చెప్పింది. తడబడకుండా, పాఠం చెప్పినట్టు చెప్పింది. అలా తప్ప ఇంకోలా చెప్పడం చేతకాలేదు.

"తప్పు నాది వదినా. నువ్వు ముద్దలు పెట్టబోతే నేను ఆపాను. పల్చగా రాయమన్నది నేను."

నూకాలు గరిటె కింద పెట్టింది. పొయ్యిలో పుల్ల ఒకటి బయటికి జరిగితే లోపలికి తోసింది.

"అయితే ఆడు ఇననేదు," అంది.

"వినలేదు."

"ఒక్కపాలి కూడా?"

"ఒక్కసారి కూడా వినబడి ఉండదు."

"ఇంటే వొచ్చీవోడే."

"వచ్చేవాడే వదినా."

నూకాలు మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఏడు నెలలుగా ఆమెను లోపల్లోపల తొలిచేసింది దానయ్య చావొక్కటే కాదు. చెల్లెలి హెచ్చరిక చెవినపడి కూడా, తనూ ఇల్లూ గుర్తుకు రాక, ఆ మనిషి నాలుగు చేపల కోసం వెనక్కి తిరగలేదన్న మాట. ఇప్పుడు అది పోయింది. పోయినచోట ఇంకొకటి వచ్చి కూచోవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆమె తల ఎత్తి తన చేతులు చూసుకుంది, అటు తిప్పి ఇటు తిప్పి.

"ఈ సేత్తోనే రాసినాను."

"నేను చెప్తే రాశావు."

"నువ్వు సెప్పినావు, నాను రాసినాను. ఇద్దరం కలిసి ఆడి సెవులు మూసీసినాం." నూకాలు గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఆడపడుచు జబ్బే ఆమెకూ అంటుకున్నట్టుంది. చేతులు దించి అడిగింది. "ఒడ్డున ఉన్నయి కూడా అలగే ఉన్నాయా?"

"అలాగే ఉన్నాయి."

"కడిగితే పోద్దా?"

"బట్టల సబ్బుతో కడిగితే పోతుంది."

నూకాలు కూర దింపి మూత పెట్టింది. "పొద్దున్నే ఎల్దాం. ఇప్పుడెల్తే తాగినోళ్లు ఉంటారు, మాట ఇనరు. కూడు తిను." ఇద్దరూ తిన్నారు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయిందని ఇద్దరికీ తెలిసింది, ఇద్దరూ చెప్పలేదు.

తెల్లవారుతుండగా నూకాలు బకెట్టూ, సబ్బు బిళ్లా, కొబ్బరి పీచూ పట్టుకుని నడిచింది. వెనక హైమావతి. మొదటిసారి నీళ్లలోకి దిగే పడవకు భర్త పోయిన ఆడమనిషి ఎదురు రావడమే ఆ ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. అలాంటిది ఆమె నేరుగా వెళ్లి, మొదటి పడవ అంచు పట్టుకుని, పైకెక్కబోయింది.

ఒడ్డంతా ఒక్కసారి భగ్గుమంది. "ఓలె, దిగు! దిగిపో! నీ మొగుడు ఒక పడవ ముంచింది సాల్దా, మా పడవలు కూడా ముంచుతావా?" ఎవరో ఆమె చేతుల్లో ఉన్నవన్నీ లాగి ఇసకలో పడేశారు. నూకాలు అంచు వదల్లేదు.

హైమావతి పక్కనున్న పడవ ఎక్కి నిలబడింది. సభల్లో మాట్లాడే అలవాటున్న మనిషే గాని, ఆ చదువుకున్న భాష ఇక్కడ పనికి రాలేదు.

"ఇనండి! మా అన్నయ్య దీపం మాట ఇననేదు. ఇనబడనేదు. పలక మీద పసుపు రాత్తే దీపం మాట ఇనబడదు. రాయమని సెప్పింది నాను. మా వదిన కాదు, మా అన్నయ్య కాదు. నాను. ఆ పచ్చకాగితంలో రాసింది కూడా నానే. మీ అందరి పలకలూ ఇప్పుడు సెవిటివి."

నమ్మారో లేదో తెలియదు. ఆమె చేయగలిగిన పని ఇంకొకటే ఉంది. కొండ మీద దీపం ఆ ఉదయం పరీక్ష మాట పంపుతూనే ఉంది. అరవై పడవల్లో అరవై పెట్టెలు నోరు మూసుకుని ఉన్నాయి. ఆమె దిగి, ఇసకలో పడున్న సబ్బూ పీచూ ఏరుకుని, బకెట్టుతో నీళ్లు ముంచుకుని మళ్లీ ఎక్కి, కప్పు మీది ప్యానెల్ మీద నీళ్లు పోసి, సబ్బు రాసి, పీచుతో రుద్దింది. మళ్లీ నీళ్లు పోసింది.

"కొండదీపం మాట్లాడుతోంది. వినబడుతోందా?" అంది పెట్టె.

ఆ పడవ పోలమ్మ పెద్దకొడుకుది. పోలమ్మ ముందుకొచ్చింది. గుంపు దారిచ్చింది. ఆమె పెట్టె వంకా, ప్యానెల్ వంకా చూసి, చివరికి హైమావతి మొహంలోకి చూసింది.

"మా సింహాద్రి కూడా ఇననేదా?"

"ఇననేదు అత్తా."

"తెలిసి ఉండిపోనేదు కదా, ఆళ్లు?"

"లేదత్తా. తెలిసుంటే వచ్చేసేవాళ్లు."

పోలమ్మ చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకుంది హైమావతి. కొడితే బాగుండునని కూడా అనుకుంది. పోలమ్మ కొట్టలేదు. ఆమె చేతిలోంచి కొబ్బరి పీచు లాక్కుని, రెండు పాయలు చేసి, ఒక పాయ నూకాలు చేతిలో పెట్టింది.

"ఎక్కే," అంది. "పొద్దెక్కిపోతంది."

నూకాలు ఎక్కింది. ఈసారి ఎవరూ ఆపలేదు. కాసేపటికి ఇళ్లలోంచి బకెట్లు వచ్చాయి, సబ్బులు వచ్చాయి. సబ్బు తగిలిన పసుపు ఎర్రబడుతుంది, సున్నంతో పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. పలకల మీంచి ఎర్రటి నీళ్లు పడవల పక్కల మీదుగా ఇసకలోకి జారాయి. నూకాలు చేతులు మోచేతుల దాకా ఎర్రగా అయ్యాయి, ఏడు నెలలుగా ఎర్రటిదేదీ తగలని చేతులు. ఆమె వాటిని తుడుచుకోలేదు.

ఒక్కొక్క పెట్టే నోరు విప్పుతోంది. ఒక పడవలోంచి, పక్క పడవలోంచి, దూరంగా చివరి పడవలోంచి అదే గొంతు. అన్న బతికున్న రోజుల్లో, నవ్వు ఆపుకుంటూ, నాలుగుసార్లు తప్పుపోయి అయిదోసారి రికార్డు చేసిన గొంతు. "వినబడుతోందా?" హైమావతి ఆ గొంతులోని అమ్మాయిని గుర్తుపట్టలేదు. పీచు లేక ఉత్త చేతులతోనే రుద్దుతోంది. ఉప్పునీళ్లకీ సబ్బుకీ వేళ్లు చిట్లి మండుతున్నాయి. ఆ మంట ఎప్పట్నుంచి ఉందో గాని, ఇప్పుడే తెలిసింది.

పక్క పడవ కప్పు మీద నూకాలు మోకాళ్ల మీద కూచుని, పెట్టె దగ్గరగా వంగింది. అది చెప్పడమే గాని వినలేదని ఆమెకు తెలుసు. హైమావతి మొదటి రోజునే చెప్పింది.

"వినబడుతోందా?" అంది పెట్టె మళ్లీ.

"ఇనబడతంది," అంది నూకాలు దానితో. "ఇప్పుడు ఇనబడతంది."